కాటా పక్కన పెట్టి టేపు పట్టుకున్నాక

పోయిన ఏడాది ఎండాకాలం సెలవుల్లో హన్మకొండలో రక్తపరీక్షలు చేయించుకున్నాను. పరగడుపు షుగర్ 112, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1 అని రాశారు, అంటే కాలేయంలో కొవ్వు చేరడం, తొలి దశ. హెచ్‌బీఏ1సీ 6.5కి చేరితే షుగర్ వ్యాధి కిందే లెక్క. 5.7 నుంచి 6.4 దాకా దాని ముందు దశ. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, అప్పటి బరువు 69 కిలోలు, వయసు నలభై మూడు. డాక్టర్ గారు మందులేమీ రాయలేదు. సొరుగులోంచి టేపు తీసి, నన్ను లేచి నిలబడమని నడుము చుట్టూ వేసి చూసి, చీటీ మీద 94 అని రాశారు. "బరువు ఎంత తగ్గిందని నేను అడగను మేడమ్. వచ్చేసారి ఈ అంకె ఎంతుందో చెప్పండి, చాలు" అన్నారు.

అప్పటిదాకా నా చదువంతా కిలోల్లోనే. ప్రసవం తర్వాత ఎన్ని, టీచర్ ఉద్యోగం వచ్చేనాటికి ఎన్ని, కరోనా సెలవుల తర్వాత ఎన్ని అన్నీ నోటికి వచ్చు. నడుము ఎంత అంటే మాత్రం చెప్పలేను. జాకెట్ కొలత టైలర్‌కి తెలుసు, నాకెందుకు అనుకునేదాన్ని.

డాక్టర్ గారు ఆ అంకె మీద ఎందుకు పట్టుబట్టారో అక్కడే రెండు ముక్కల్లో చెప్పారు. చర్మం కింద పేరుకునే కొవ్వు వేరు, పొట్ట లోపల కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు వేరు. షుగర్, బీపీ, గుండె జబ్బులకు ఎక్కువగా దారితీసేది ఆ రెండోది. కాటా మీద నిలబడితే రెండూ కలిసిపోయి ఒకే అంకె అవుతాయి. వాటితోపాటు ఎముకలు, కండ, నీళ్లు, పొద్దున తిన్న ఇడ్లీ కూడా. నడుము కొలత మాత్రం ఎక్కువగా పొట్ట గురించే చెబుతుంది. మన దేశంలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఇంకా సులువుగా గుర్తుండే లెక్క, నడుము ఎత్తులో సగానికి మించకూడదన్నది. నా లెక్కన అది 77.5. నేను 94 దగ్గర ఉన్నాను.

నేను జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఒక పని చేస్తే దానికి కొలత సరిగ్గా ఉండాలన్నది నాకున్న పిచ్చి. కాబట్టి డైట్ కంటే ముందు టేపు సంగతి చూశాను.

అత్తమ్మ కుట్టుమిషన్ డబ్బాలో ఎప్పటిదో ఒక టేపు ఉంది. చివర ఇత్తడి రేకు, పసుపు రంగు గుడ్డ, అక్కడక్కడా అంకెలు అరిగిపోయి ఉన్నాయి. బడి నుంచి మీటరు స్కేలు తెచ్చి పక్కన పరిచి చూశాను. స్కేలు మీద మీటరు పూర్తయ్యే చోట టేపు 99 దగ్గరే ఉంది. ఏళ్ల తరబడి లాగి లాగి గుడ్డ సాగింది. సాగిన టేపు ఎప్పుడూ అసలు కన్నా తక్కువే చూపిస్తుంది. నడుము తగ్గిందని సంబరపడాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి టేపు దొరకదు. చౌరస్తాలో కుట్టు సామాను అమ్మే దుకాణంలో ఫైబర్‌గ్లాస్‌ది కొత్తది కొన్నాను. ఒకవైపు 60 అంగుళాలు, వెనక 150 సెంటీమీటర్లు. దాన్నీ స్కేలు పక్కన పెట్టి చూశాకే వాడటం మొదలుపెట్టాను.

టేపు కుదిరింది సరే, ఎక్కడ వేయాలన్నది అసలు చిక్కు. చీర కుచ్చిళ్లు దోపుకునే చోట వేస్తే 99. బొడ్డు మీదుగా వేస్తే 97. డాక్టర్ గారు వేసిన చోట వేస్తే 94. ఒకే మనిషికి ఒకే పూట మూడు నడుములు! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతి ఏమిటంటే, పక్కటెముకల్లో చివరిదాని కింది అంచు ఒకటి, తుంటి ఎముక పై అంచు ఒకటి, రెండూ వేళ్లతో తడిమి పట్టుకుని, సరిగ్గా వాటి మధ్యలో టేపు వేయాలి. బొడ్డు సులువైన గుర్తే కానీ పొట్ట జారినకొద్దీ బొడ్డూ జారుతుంది. ఎముక జారదు. నా విషయంలో ఆ మధ్య బిందువు బొడ్డుకు రెండు వేళ్లు పైన వచ్చింది. మొదట్లో రెండు పక్కలా స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టుకుని కొలిచేదాన్ని, తర్వాత చెయ్యి అలవాటైపోయింది.

సొంతంగా కొలుచుకుంటే ముందు వైపు బాగానే కనిపిస్తుంది. వీపు వైపు టేపు జారి కిందికి దిగుతుంది, లేదంటే మెలి పడుతుంది. అద్దం ముందు పక్కకు తిరిగి చూస్తే గానీ తెలియదు. ఇంటర్ చదివే మా అమ్మాయిని పిలిస్తే అది ఉత్సాహం కొద్దీ గట్టిగా బిగించి 92.5 అంది.

"టేపు లోపలికి దిగబడుతోంది చూడు, చర్మం మీద ఆనాలి అంతే."

"నువ్వు ఊపిరి బిగబట్టకమ్మా ముందు! నేను పిలవగానే పొట్ట లోపలికి గుంజుతున్నవ్."

అది చెప్పింది నిజమే. టేపు తగలగానే ఎవరి పొట్ట అయినా దానంతట అదే లోపలికి పోతుంది. ఊపిరి మామూలుగా వదిలి, ఆ వదిలిన చివర్లో చూడాలి. పాదాలు కొంచెం ఎడంగా పెట్టి, చేతులు వేలాడేసి నిలబడాలి. చివరికి మేమిద్దరం చేసుకున్న ఒప్పందం ఇది. రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున, బాత్రూమ్‌కి వెళ్లి వచ్చాక, టీ తాగకముందు, మా అమ్మాయే కొలవాలి. మూడుసార్లు కొలిచి సగటు రాయాలి. మూడింటిలో సెంటీమీటరుకు మించి తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి. ఎవరు కొలిచారన్నది అంత ముఖ్యం కాదు, ప్రతిసారీ ఒకరే కొలవడం ముఖ్యం. నడుముతోపాటు పిరుదులు బాగా వెడల్పున్న చోట, కుడి దండచెయ్యి భుజానికీ మోచేతికీ మధ్యలో, కుడి తొడ. ఈ నాలుగు చాలనిపించింది. మెడ, ఛాతీ, పిక్కలు కూడా రాసుకునేవాళ్లున్నారు. అన్ని గళ్లు నింపాలంటే నాకు విసుగొచ్చి మొత్తం మానేస్తానని తెలుసు.

తిండి గురించి పెద్దగా చెప్పేది లేదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని ఉంది. మన ఇళ్లలో అన్నం ఎంత పెట్టుకుంటామో తలుచుకుంటే ఆ మాట ఎంత కష్టమైందో అర్థమవుతుంది. మధ్యాహ్నం అన్నం ఒక కప్పుకు దించాను, రాత్రి ఒక జొన్నరొట్టె, పక్కన గిన్నె నిండా కూర. సాయంత్రం బిస్కెట్ల బదులు పెసర్ల గుడాలు. బడిలో టీ రెండుసార్లు నుంచి ఒకసారికి వచ్చింది. సర్వపిండి మానలేదు, మానేస్తానని ఎవరికీ మాట కూడా ఇవ్వలేదు.

మొదటి రెండు వారాల్లో కాటా 69 నుంచి 66.4కి దిగింది. స్టాఫ్‌రూమ్‌లో సంబరం. టేపు మాత్రం 94 నుంచి 93 దాకానే వచ్చింది. ఆ తేడా ఎందుకో చదివాక కాటా మీద నాకున్న గౌరవం సగం తగ్గిపోయింది. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. మొత్తం మీద అరకిలో దాకా ఉండొచ్చు. ఆ గ్లైకోజెన్ ఒక్కో గ్రాము తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టి ఉంచుతుంది. అన్నం తగ్గించిన మొదటి రోజుల్లో ఒళ్లు ఈ నిల్వను వాడుకుంటుంది, దాంతోపాటు నీళ్లూ పోతాయి. కాటా మీద కిలోన్నర, రెండు కిలోలు ఎగిరిపోయినట్టు కనిపించేది చాలావరకు అదే. వారంలో నాలుగు కిలోలు అని చెప్పే డైట్లన్నీ బతికేది ఈ నీళ్ల మీదే. మళ్లీ నాలుగు రోజులు కడుపునిండా అన్నం తింటే ఆ నీళ్లు తిరిగొస్తాయి. అప్పుడు మనిషి 'నా ఒంటితత్వమే ఇంత' అని వదిలేస్తాడు.

అసలు పరీక్ష శ్రావణంలో మొదలైంది. ఆగస్టు అంతా, సెప్టెంబర్ చివరి దాకా కాటా 66కీ 66.5కీ మధ్యే ఊగింది. పొద్దున నడక మొదలుపెట్టాను, వడ్డేపల్లి చెరువు కట్ట మీద. తిండి అదే, నడక అదనం, అంకె కదలదు. అప్పుడు నా దగ్గర కాటా ఒక్కటే ఉండి ఉంటే కచ్చితంగా మానేసేదాన్ని. లాంగ్ నోట్‌బుక్‌లో పక్క గడిలో మాత్రం నడుము 92, 91.5, 90.5, 89.5 అని దిగుతూ వస్తోంది. గ్రాఫ్ పేపర్ మీద రెండు రంగుల్లో గీస్తే ఒక గీత నేల చూపులు చూస్తోంది, ఇంకోటి బల్లపరుపుగా ఉంది. మా పదో తరగతి పిల్లలకు చూపించాలనిపించింది కానీ ఏ అక్షం మీద ఏముందో చెప్పే ధైర్యం రాలేదు.

ఆ మధ్యలోనే హంటర్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి దావత్. బగారా అన్నం, మటన్, పక్కన తొక్కు, చివర్లో డబుల్ కా మీఠా. కడుపు నిండా తిన్నాను, దాచేదేముంది. తెల్లారి కాటా ఎక్కితే 67.9. ఒక్క రాత్రిలో కిలోన్నర! కిలో కొవ్వు పేరుకోవాలంటే ఒంటికి ఖర్చయ్యేదానికన్నా 7,700 కేలరీల దాకా అదనంగా తినాలి. కిలోన్నరకు పదకొండు వేలు పైనే. ఎంత మంచి మటన్ అయినా ఒక్క పూటలో అంత పోదు. ఉప్పు ఎక్కువైతే ఒళ్లు నీళ్లు పట్టుకుంటుంది, బగారా అన్నం గ్లైకోజెన్‌ను మళ్లీ నింపుతుంది, తిన్నది ఇంకా పేగుల్లోనే ఉంటుంది. నాలుగు రోజులు మామూలు తిండి తినేసరికి మళ్లీ 66.3.

అలాగని టేపు సత్యహరిశ్చంద్రుడేమీ కాదు. ఆ తెల్లారి టేపు కూడా ఒక సెంటీమీటరు ఎక్కువే చూపింది. శనగలు తిన్న సాయంత్రం కొలిస్తే ఉబ్బరానికి రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. నెలసరికి ముందు నాలుగైదు రోజులు నాకు నడుము సెంటీమీటరున్నర, బరువు కిలో పైన పెరిగి, తర్వాత దిగిపోతాయి. ఈ సంగతి ఏ మగ ట్రైనర్ వీడియోలోనూ వినలేదు. అందుకే ఆడవాళ్లు ఈ వారం కొలతను పోయిన వారంతో పోల్చొద్దు. పోయిన నెలలో అదే రోజులతో పోల్చాలి. నేను తేదీ పక్కన చిన్న గుర్తు పెట్టుకుంటాను. నెలసరి లెక్క తప్పుతున్న నా వయసులో అది కూడా ప్రతిసారీ కుదరదు, అలాంటి నెల అంకె రాసి వదిలేస్తాను.

నడుము ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది. నాకు కనువిప్పయింది చేతి కొలత. మొదట్లో దండచెయ్యి 33 ఉండేది. రెండు నెలలకే 31.5కి వచ్చింది. అందరూ అక్కా చేతులు సన్నబడ్డాయి అన్నారు, నేనూ మురిసిపోయాను. తర్వాత బడిలో అటెండర్ రాని రోజు జవాబు పత్రాల కట్టలు మేడ మీదికి మోస్తుంటే చేతులు వణికాయి. తిండి తగ్గించి ఊరుకుంటే ఒళ్లు కొవ్వుతోపాటు కండనూ కరిగించుకుంటుంది. టేపు ఆ రెండింటినీ వేరు చేసి చెప్పలేదు. చెయ్యి సన్నబడితే అందులో పోయింది ఏదో బరువు ఎత్తి చూస్తే గానీ తెలియదు.

అప్పటి నుంచి రెండు పనులు చేర్చాను. ఒకటి మాంసకృత్తులు. పోషకాహార సంస్థ లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే నాకు 55 గ్రాముల దాకా. గుడ్డులో ఆరు గ్రాములు, ఎండు కందిపప్పు వంద గ్రాముల్లో ఇరవై రెండు గ్రాముల దాకా ఉంటాయి. మనం పోసుకునే పప్పుచారులో పప్పు ఎంతుంటుందో మీకు తెలుసు. కాబట్టి చారు పక్కన ముద్దపప్పు వచ్చింది, పొద్దున రెండు గుడ్లు వచ్చాయి, మజ్జిగ బదులు గట్టి పెరుగు వచ్చింది. రెండోది కండకు పని చెప్పడం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్స్, ఐదు లీటర్ల నూనె డబ్బాలో నీళ్లు పోసి ఎత్తడం. జిమ్‌కి వెళ్లే తీరిక లేదు, వెళ్లాలన్న ఆశా లేదు. దసరా నుంచి సంక్రాంతి దాకా దండచెయ్యి 31.5 దగ్గరే ఆగింది, నడుము దిగుతూనే ఉంది. అది చూశాకే డైట్ సరైన దారిలో పడిందని నమ్మకం కుదిరింది. పద్మాక్షి గుట్ట మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కాను. అది ఏ గడిలో రాయాలో తెలియక గ్రాఫ్ పేపర్ మూలన రాసుకున్నాను.

బతుకమ్మకు కొత్త చీర మీదికి జాకెట్ కుట్టించడానికి నయీంనగర్‌లో మా టైలరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆది జాకెట్ ఇచ్చి వచ్చేద్దామనుకుంటే ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఇది పనికిరాదక్కా, నిలవడున్రి" అని టేపు తీసింది. ఆమె కొలిచే పద్ధతి చూడాలి. టేపు లోపల ఎప్పుడూ తన చూపుడువేలు పెట్టి ఉంచుతుంది, ఆ వేలు మందం మనిషి ఊపిరి తీసుకోవడానికట. కొలిచి, అట్ట ఊడిపోయిన తన పుస్తకం తిరగేసి నా పేరున్న పేజీ తీసింది. పెన్సిల్‌తో రాసిన అంకెలు, ఒకదాని కింద ఒకటి, ఏడాదికో వరస. ప్రతి వరసా పై వరస కన్నా అర ఇంచో ఇంచో ఎక్కువ. నా ఒళ్లు ఎప్పుడెప్పుడు ఎంత పెరిగిందో నాకంటే నిఖార్సుగా ఆమె దగ్గర రాసి ఉంది.

"చేతి లూజు అర ఇంచే తగ్గింది. కింద లూజు ఇంచున్నర పోయింది. ఏం తింటున్నరు?"

"తినేటియ్యే తింటున్న, జర తక్కువ."

ఆమె నమ్మలేదు. పాత ఆది జాకెట్‌ను లోపలివైపు తిప్పి పక్క కుట్టు చూపించింది. మూడు వరసల కుట్లు వేసి ఇచ్చిన జాకెట్ అది. రెండు వరసలు ఏ ఏడో నేనే విప్పించుకున్నాను, అక్కడ సూది రంధ్రాల గీతలు మాత్రం మిగిలాయి. మధ్య గీత మీద చాక్‌పీసుతో గీసి, మళ్లీ ఆ రంధ్రాల మీదే మిషన్ నడిపించి ఐదు నిమిషాల్లో చేతికిచ్చింది. నెలలుగా కాటా కదలడం లేదన్న టెన్షన్ ఆ జాకెట్ తొడుక్కుని చూసుకున్నాక పోయింది.

మా ఆయన ఈ తతంగమంతా చూసి, "నాకేం, నాది ఎప్పుడూ 36 సైజే" అన్నారు. ప్యాంటు సైజు గురించి. మగవాళ్లు ప్యాంటు కట్టేది పొట్ట కింద. పొట్ట ఎంత ముందుకొచ్చినా బెల్టు ఇంకాస్త కిందికి దిగుతుంది, సైజు మాత్రం మారదు. పైగా రెడీమేడ్ ప్యాంటు మీద 36 అని ఉంటే నడుము పట్టీ సరిగ్గా 36 అంగుళాలు ఉండాలనేం లేదు, చాలా కంపెనీలు కాస్త వదులుగానే కుడతాయి. పక్కటెముకకూ తుంటికీ మధ్య టేపు వేసి చూస్తే 102 సెంటీమీటర్లు, అంటే నలభై అంగుళాలు పైనే. ఆ రోజు ఆయన ఇంకేం మాట్లాడలేదు. వారం తర్వాత పొద్దున చెరువు కట్ట మీదికి తోడొచ్చారు.

సద్దుల బతుకమ్మ, దసరా కలిసి నా గ్రాఫ్‌ను పైకి వంచాయి. మలీద ముద్దలు, సత్తుపిండి, మటన్. నడుము 89.5 నుంచి 90.5. దీపావళి తర్వాత మళ్లీ దిగింది. సంక్రాంతికి మా ఇంట్లో సకినాలు డబ్బాల కొద్దీ చేస్తారు, చుట్టుపక్కల ఇళ్ల నుంచీ వస్తాయి. రోజుకు రెండు అని నియమం పెట్టుకున్నాను. అది నిలబడింది అని చెప్పను గానీ, నాలుగు దాటలేదు. జనవరిలో నడుము 87, బరువు 64.3. మళ్లీ పరీక్షకు వెళితే హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది. డాక్టర్ గారు నా గ్రాఫ్ చూసి నవ్వి, ఫోటో తీసుకున్నారు.

అదే నెల చివర్లో మేడారం జాతర. నా షుగర్ తగ్గితే నిలువెత్తు బంగారం ఇస్తానని అత్తమ్మ నాకు చెప్పకుండానే అమ్మవార్లకు మొక్కుకుందట. మన దగ్గర బంగారమంటే బెల్లమే, మనిషి బరువుకు సరితూగేంత తూచి సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. కిరాణా కొట్టు ముందు బస్తాలు తూచే కాటా మీద చెప్పులు విప్పి నిలబడ్డాను. స్వెటర్, పట్టుచీర, కడుపులో పొద్దుటి ఉప్మా, అన్నీ కలిసి 65.8. పొద్దున ఇంట్లో 64.3 ఉన్న మనిషిని. ఇది నా బరువు కాదు అని నేను మొదలుపెట్టేలోపే అత్తమ్మ, "తల్లికి కిలోన్నర ఎక్కువ పోతే నీకేం బాధ బిడ్డా" అని 66 కిలోలు కట్టించింది. ఏడాదిలో కాటా మీద అంకె ఎక్కువొస్తే సంతోషించిన మనిషి ఆ కొట్టు యజమాని ఒక్కడే.

ఇప్పుడు నా నడుము 86. ఇంకా 80 దాటే ఉంది, 77.5 ఎప్పటికి వస్తుందో, అసలు వస్తుందో లేదో. ఈ మధ్య నెలకు అర సెంటీమీటరు కదిలితే గొప్ప. కొలవడం నెలకోసారికి మార్చుకున్నాను, ఎందుకంటే మా చేతి తేడానే అర సెంటీమీటరు ఉంటుంది, రెండు వారాలకోసారి చూస్తే కనిపించేది మార్పో మా చేతి తేడానో తెలియదు.

వీటన్నిటికన్నా పనికొచ్చిన కొలత మాత్రం నాది కాదు, అత్తమ్మది. ఆమె బక్కపల్చటి మనిషి. 48 కిలోలు, ఎత్తు 148. బరువు ఎత్తుల లెక్కలో బీఎంఐ 22 లోపే, ఏ చార్టు చూసినా బాగున్నట్టే. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, చీర కట్టు కింద పొట్ట మాత్రం ఉంది. ఒక ఆదివారం మేం కొలుస్తుంటే పక్కన కూర్చుని, "నాది గూడ జూడు బిడ్డా, నాకేమొస్తదో" అంది. 89 వచ్చింది. నేనూ మా అమ్మాయీ మొహాలు చూసుకున్నాం.

సన్నగా ఉండి లోపల కొవ్వు ఎక్కువ ఉండటం మనవాళ్లలో మామూలే. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫోటోనే లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బీఎంఐ ఒక్కదాన్నే నమ్ముకుని ఊబకాయం తేల్చొద్దని, నడుము కొలత లాంటిది తోడు ఉండాలని లాన్సెట్ వాళ్ల నిపుణుల కమిషన్ 2025 జనవరిలో చెప్పింది కూడా.

అత్తమ్మను పరీక్షకు తీసుకెళ్లడానికి నెల పట్టింది. "నేనేమన్న లావుగున్ననా, నాకెందుకొస్తది షుగరు" అనేది. చేయిస్తే హెచ్‌బీఏ1సీ 7.2. మాత్రలు మొదలయ్యాయి. టీలో చక్కెర మానేసింది. ఆమెకు తిండి తగ్గించొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. ఆ వయసులో బరువు పోతే ముందు పోయేది కండే, కండ పోతే నడుస్తూ పడిపోతారు. పొట్ట తగ్గాలి, బరువు తగ్గొద్దు. అన్నం కొంచెం తీసి ఆ చోట పప్పు, గుడ్డు, పొద్దున సాయంత్రం వాకిట్లో నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. అందుకని మంచం కింద తోసేసిన కాటాను మళ్లీ బయటికి తీశాం. ప్రతి ఆదివారం ఆమె దాని మీద నిలబడుతుంది, అంకె 48కి కింద పడలేదు కదా అని చూసుకోవడానికి.